తేనెలో నిద్ర, చివర్లో ఒక్క 'ఆహ్'

ఒక ఈజిప్టు సినిమా ఆఖర్న జనం గుంపుగా కైరో వీధుల్లో పార్లమెంటు వైపు నడుస్తారు. వాళ్ల దగ్గర నినాదం లేదు. ఇది కావాలి, అది వద్దు అనే డిమాండ్ లేదు. ముందు నడిచేది ఒక పోలీసు అధికారి. అందరూ నోరు తెరిచి ఒకే ఒక్క శబ్దం చేస్తారు: ఆహ్. నొప్పి పెట్టినవాడు మూలిగినట్టు పొడుగ్గా, కలిసికట్టుగా. అక్కడితో సినిమా అయిపోతుంది.

నేను మొదటిసారి ఈ సినిమా చూసినప్పుడు రాత్రి పన్నెండు దాటింది. ఆ చివరి సీన్లో సబ్‌టైటిల్స్ చోటు ఖాళీగా ఉంది. తర్జుమా చేసినవాళ్లకు అక్కడ రాయడానికి మాట దొరకలేదు. ఇంట్లోవాళ్లు లేస్తారని చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ చివరి నిమిషం వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. గెలిచారా, ఓడారా? రోగం తగ్గిందా? ఇది తిరుగుబాటా, ఏడుపా? సినిమా చూసిన ఎవరికైనా వచ్చే ప్రశ్నలే ఇవి. చాలా రోజులు నాతోపాటు తిరిగాయి.

సినిమా పేరు 'అన్నౌమ్ ఫిల్ అసల్', అంటే 'తేనెలో నిద్ర'. 1996లో వచ్చింది. రాసింది వహీద్ హామిద్, తీసింది షరీఫ్ అరఫా, హీరో ఆదిల్ ఇమామ్. ఈ ముగ్గురూ కలిసి 1991 నుంచి 1996 వరకు ఐదు సినిమాలు చేశారు. ఈజిప్టు జనానికి అవి సినిమాలుగా కంటే, తమ గురించి ఎవరో బయటికి అనేసిన మాటలుగానే ఎక్కువ గుర్తు. ఈ ఐదింటిలో పూర్తిగా కల్పనా లోకంలోకి దూకింది మాత్రం ఇదే.

పేరు దగ్గరే ఒక తాళంచెవి ఉంది. ఈజిప్టు వాడుకలో ఎవరినైనా 'నాయిమ్ ఫిల్ అసల్', అంటే 'తేనెలో పడుకున్నాడు' అన్నారంటే, కొంప మునుగుతున్నా పట్టనివాడు అని. మనం 'చీమ కుట్టినట్టయినా లేదు' అంటాం చూడండి, దాదాపు ఆ అర్థమే. తేడా ఒక్కటే, వాళ్ల మాటలో తీపి ఉంది. ఆ నిద్ర బాధగా ఉండదు. హాయిగా, జిగటగా ఉంటుంది. లేవాలన్నా ఒళ్లు అంటుకుపోయి ఉంటుంది. అంత తీపి పేరున్న సినిమా నొప్పితో చేసిన కేకతో ముగియడం యాదృచ్ఛికం కాదు. పేరు నిద్ర అయితే, ముగింపు మెలకువ. నా ఆలోచన ఇక్కణ్ణుంచే మొదలవుతుంది.

కథ చెప్పాలంటే కొంచెం సిగ్గు పక్కన పెట్టాలి. మజ్దీ నూర్ రాజధాని నేర పరిశోధన విభాగం పెద్ద. కొత్త పెళ్లివారింట్లో చావు కేసు ఒకటి అతని ముందుకు వస్తుంది. తవ్వుతూ పోతే అసలు సంగతి హత్యా ఆత్మహత్యా అన్నది కాదని తేలుతుంది. పెళ్లికొడుకు మొదటిరాత్రి భర్త కాలేకపోయాడు. మన ఊళ్లలో గొంతు తగ్గించి 'సంసారానికి పనికిరాడు' అంటారే, అది. అలాంటి కేసు ఇంకోటి వస్తుంది. ఇంకోటి. కాసేపటికి మజ్దీకి తన ఒంట్లోనూ అదే జరుగుతోందని తెలుస్తుంది. భార్యగా దలాల్ అబ్దుల్ అజీజ్ నటించింది. ఆ ఇంట్లో పడకగది తలుపు వెనక మాటలు ఆగిపోతాయి. ఊళ్లోని మగాళ్లందరికీ ఒకేసారి ఒకే జబ్బు. అధికారులు మాత్రం అబ్బే, అలాంటిదేమీ లేదంటారు. ఈలోపు తాయెత్తులవాళ్లు, భూతవైద్యులు బాగుపడతారు.

చావులు, విడాకులు, కొట్లాటలు ఉన్నా ఈ కథలో అసలు భయం మరోచోట ఉంది. ప్రతి మగాడూ ఈ జబ్బు తనొక్కడికే వచ్చిందనుకుంటాడు. పక్కింటివాడు బాగానే ఉన్నాడు, ఆఫీసులో ఎదురు టేబుల్ వాడు నవ్వుతూనే ఉన్నాడు, నేనే చచ్చుపడ్డాను అనుకుంటాడు. అందుకే ఎవరూ ఎవరితోనూ చెప్పరు. మన బస్టాండు గోడల మీద, రైలు బోగీల మరుగుదొడ్లలో 'లైంగిక సమస్యలా? వివరాలు గోప్యం' అన్న కాగితాలు అంటించి ఉంటాయి కదా. అందులో వ్యాపారమంతా నడిచేది ఆ 'గోప్యం' అన్న మాట మీదే. కాలు విరిగితే, జ్వరం వస్తే నలుగురికీ చెబుతాం. ఇది మాత్రం దాచుకుని దాచుకుని కుళ్లిపోయే జబ్బు. వహీద్ హామిద్ కలరా పెట్టలేదు, ప్లేగు పెట్టలేదు. నలుగురిలో చెప్పుకోలేని జబ్బునే ఏరి తెచ్చాడు. ముగింపుకు పునాది అక్కడే పడింది.

ఈ ఊహ ఈజిప్టు సాహిత్యానికి మరీ కొత్తది కాదు. గమాల్ అల్ గీతానీ 1976 నాటి నవలలో పాత కైరోలోని జాఫరానీ అనే సందులో మగవాళ్లందరూ ఇలాగే అశక్తులైపోతారు. అక్కడ కారణం ఉంది. షేక్ అతియ్యా అనే మంత్రగాడు వేసిన శాపం అది. భయపడటానికో, బతిమాలుకోవడానికో ఒక మనిషి ఉన్నాడు, ఒక తలుపు ఉంది. ఈజిప్టు పల్లెల నమ్మకంలోనూ అంతే, పెళ్లికొడుకు విఫలమైతే ఎవరో 'కట్టు కట్టారు' అంటారు. కట్టినవాణ్ని పట్టుకుంటే కట్టు విప్పొచ్చని ఆశ. సినిమా ఆ ఆశను తీసేసింది. షేక్ లేడు, శాపం లేదు. నీళ్లలో ఉందా, తిండిలో ఉందా, గాలిలో ఉందా అనేది సినిమా మనకు తేల్చి చెప్పదు. నిందించడానికి ఏ మంత్రగాడూ లేనప్పుడు జనం ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? తమ పేరు చెప్పి, తమ తరఫున కూర్చున్నవాళ్ల గుమ్మం ముందే కదా. పార్లమెంటుకే ఎందుకు వెళ్లారు అనేదానికి నాకు తోచిన జవాబు ఇది.

ఇక ఆ రోజుల సంగతి. 1981 అక్టోబరులో అధ్యక్షుడు సాదాత్ హత్య తర్వాత పెట్టిన ఎమర్జెన్సీ చట్టం 1996 నాటికీ అమల్లోనే ఉంది. 2012 దాకా ఉంది. ఐదుగురు ఒకచోట చేరితే నేరమనే బ్రిటిష్ కాలపు చట్టం 1914 నుంచీ ఉంది. 1995 చివర్లో జరిగిన ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు ముబారక్ పార్టీ సభను దాదాపు మొత్తం ఊడ్చేసింది, రిగ్గింగ్ ఆరోపణలు వెల్లువెత్తాయి. అదే ఏడాది మే నెలలో 93వ నంబరు చట్టం వచ్చింది. 'తప్పుడు వార్త' రాస్తే ఏళ్ల తరబడి జైలు. పాత్రికేయులు ఏడాదిపాటు పోరాడితే 1996లో దాన్ని మార్చారు. సినిమాలో షీరీన్ సైఫ్ అల్ నస్ర్ వేసిన జర్నలిస్టు పాత్రను ఈ నేపథ్యంలో చూడండి. ఊరంతా జబ్బుపడింది అని ఆమె రాస్తే అది వార్తా, నేరమా? ఆ రోజు ప్రేక్షకుడికి ఈ టెన్షన్ ఎవరూ వివరించాల్సిన పని లేదు.

ఇంకో చిన్న ముచ్చట. అదే 1996లో మన్సూరా పట్టణంలో ఒక పుకారు లేచింది. ఇజ్రాయెల్ నుంచి వస్తున్న చూయింగ్ గమ్ నమిలితే ఆడపిల్లలు అదుపు తప్పుతున్నారని. పత్రికలదాకా వెళ్లింది. ఒక దేశం తన ఒంటి భయాలను, రాజకీయ భయాలను ఎంత సులువుగా కలగలుపుకుంటుందో ఆ పుకారులో కనిపిస్తుంది. వయాగ్రా అనే మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది 1998లో. అంటే ఈ సినిమా వచ్చినప్పటికి దీనికి మింగి ఊరుకునే మందు కూడా లేదు. రెండేళ్లు ఆలస్యంగా వచ్చి ఉంటే ఈ కథకు ఇంత బలం ఉండేది కాదేమో.

ఇప్పుడు ఆ 'ఆహ్' దగ్గరికి వద్దాం.

అరబ్బీలో 'ఆహ్' నొప్పి మాట. పాటలో దానికి పెద్ద చోటుంది. ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ 1966లో పాడిన 'అల్ అత్లాల్'లో నా స్వేచ్ఛ నాకిచ్చెయ్యమని అడిగిన వెంటనే, నీ సంకెల నా మణికట్టును కోసిందంటూ ఒక 'ఆహ్' వస్తుంది. ప్రేమపాటే అది. కానీ అరబ్ ప్రపంచమంతా ఆ చోట ప్రేయసిని, ప్రియుణ్ని దాటి ఇంకేదో వింది. కైరో వీధిలో మూలిగిన గుంపు వెనక ఆ గొంతు జ్ఞాపకం కూడా ఉంది.

సబ్‌టైటిల్ చూసి అర్థం చేసుకునేవాళ్లకు అందని సంగతి మరొకటి ఉంది. ఈజిప్టు వాడుక భాషలో 'ఆహ్' అంటే 'ఔను' అని కూడా. టీ తాగుతావా అంటే 'ఆహ్' అంటారు. అచ్చం మన 'ఆఁ' లాగే.

దీని బరువు నాకు ఆస్పత్రిలో తెలిసింది. మా మావయ్య కడుపునొప్పిని నెలల తరబడి దాచాడు. అడిగితే గ్యాస్ అనేవాడు, అన్నం తినలేకపోతే ఆకలి లేదనేవాడు. చివరికి బలవంతాన తీసుకెళ్లాం. డాక్టరుగారు బల్ల మీద పడుకోబెట్టి, రెండు వేళ్లతో పొట్ట మీద ఒక్కోచోట నొక్కుతూ "ఇక్కడా? ఇక్కడా?" అని అడుగుతున్నారు. మావయ్య కళ్లు పైకప్పు మీద పెట్టుకుని పళ్లు బిగించి ఉన్నాడు. కుడిపక్క డొక్క కింద వేలు పడగానే "ఆఁ" అన్నాడు. అది నొప్పికి అరుపా, డాక్టరు ప్రశ్నకు జవాబా? రెండూ. ఆ ఒక్క అక్షరంతో నెలల అబద్ధం అయిపోయింది. అత్తయ్య అప్పుడే ఏడ్చింది, అంతకుముందు కాదు. జబ్బేమిటో మాకింకా తెలియదు, మందు మొదలవలేదు. కానీ జబ్బుందని ఆ క్షణంలో గది మొత్తానికి తెలిసింది.

సినిమా ముగింపును నేను ఇలాగే చదువుతాను. గుంపు చేసింది తిరుగుబాటు కాదు, ఒప్పుకోలు. నువ్వూనా? ఆహ్. నీకూనా? ఆహ్. అప్పటిదాకా ఒక్కో పడకగదిలో ఒక్కో మగాడు ఒంటరిగా మోసిన అవమానం వీధిలోకి వచ్చేసరికి అందరిదీ అయింది. అందరిదీ అయ్యాక దాన్ని అవమానం అనడానికి లేదు, నొప్పి అనాలి. నొప్పికి సిగ్గు ఉండదు. సినిమాలో అసలైన వైద్యం జరిగింది ఏదైనా ఉంటే ఆ వీధిలో జరిగిందదే. రోగం తగ్గలేదు, దాచడం ఆగింది.

అందుకే ఈ ముగింపును ముబారక్‌ను గద్దె దించిన 2011 విప్లవానికి జోస్యంగా చూపేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించలేను. వాళ్ల ఉత్సాహం నాకు అర్థమవుతుంది. కైరో నడిబొడ్డున తహ్రీర్ చౌరస్తా నిండిన ఆ రోజుల్లో, ఫిబ్రవరి రెండో వారంలో జనం నిజంగానే పార్లమెంటు ముందుకు వెళ్లి కూర్చున్నారు. దృశ్యం దృశ్యానికి సరిపోతుంది. కానీ శబ్దం వేరు. 2011 గుంపు దగ్గర పూర్తి వాక్యం ఉంది: ప్రజలు పాలన కూలిపోవాలని కోరుతున్నారు. అందులో కర్త ఉంది, కర్మ ఉంది, 'యురీద్', అంటే 'కోరుతున్నారు' అన్న క్రియ ఉంది. 1996 గుంపుకు క్రియ లేదు. కోరిక అనేదే చచ్చిపోయిన మనుషుల కథ కదా ఇది! ఏం కావాలో చెప్పడానికి ముందు, కావాలనిపించడం అనేది ఒంట్లోకి తిరిగి రావాలి. ఆ రెండు శబ్దాల మధ్య 15 ఏళ్లున్నాయి. సినిమా చూపించింది మాట పుట్టక ముందు దశను. దాన్ని విప్లవం అని పిలిస్తే అందులోని నిజాన్ని తగ్గించినట్టే.

దీనికి పూర్తిగా ఎదురు వాదన ఒకటి ఉంది, అది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. అరబ్ విమర్శకులు 'తన్ఫీస్' అనే మాట వాడతారు. ప్రెషర్ కుక్కర్ మూత మీద విజిల్ లాంటిది. ప్రభుత్వాలు కొన్ని నాటకాలను, సినిమాలను కావాలనే వదులుతాయి, జనం హాల్లో నవ్వుకుని, కసి తీర్చుకుని, ఇంటికెళ్లి పడుకుంటారు అని ఆ వాదన. ఆ మాటకు మూలం ఊపిరి. ఊపిరి వదలడమే తన్ఫీస్. అలా చూస్తే ఈ ముగింపు అక్షరాలా తన్ఫీసే కదా, ఊరంతా కలిసి ఊపిరి వదిలింది! పైగా గుంపుకు ముందు నడిచింది ఎవరు? నిజజీవితంలో అలాంటి గుంపును లాఠీలతో చెదరగొట్టే శాఖలోని పెద్ద అధికారి. నటించినది ఆదిల్ ఇమామ్, అభిమానులు 'జయీమ్', అంటే నాయకుడు, అని పిలుచుకునే స్టార్, పాలకులతో మంచిగానే ఉంటాడని పేరున్నవాడు. సెన్సారు అనుమతి ఇచ్చిందంటే వాళ్లకు ఇందులో ప్రమాదం కనబడలేదనే కదా అని అడుగుతారు.

ఈ వాదనలో నిజం ఉంది. పోలీసు అధికారి ముందు ఉండటం వల్లే ఆ ఊరేగింపు తెర మీద సాధ్యమైంది. అతని స్థానంలో ఒక కార్మిక నాయకుణ్నో, విద్యార్థినో పెట్టి ఉంటే స్క్రిప్టు కాగితం మీదే ఆగిపోయేదని నా అనుమానం. కానీ ఆ పాత్రను కేవలం రక్షణ కవచంగా చూస్తే సినిమా అతనితో ఏం చేసిందో కనబడదు. మజ్దీ పని అడగడం, ఎదుటివాళ్లు చెప్పడం. జీవితమంతా ఇతరుల చేత ఒప్పించినవాడు. ఈ కేసులో నేరస్థుడి కోసం వెతుకుతూ వెళ్లి చివరికి తానే రోగి అని ఒప్పుకోవాల్సి వచ్చింది. ప్రశ్నించే కుర్చీలోంచి లేచి జవాబు చెప్పే గుంపులోకి దిగాడు. రాజ్యం చేతికి కూడా చచ్చుదనం వచ్చింది, కర్ర పట్టుకున్న చెయ్యి కూడా మూలుగుతోంది అని చెప్పడానికి ఇంతకంటే సరైన మనిషి లేడు. ఊపిరి వదలడం గురించి ఒక్క మాట: తేనెలో మునిగినవాడు మొదట చేయాల్సిన పని ఊపిరి తీసి వదలడమే.

ఒక లోటు మాత్రం నేను క్షమించలేకపోతున్నాను. దేశం నీరసించిందని చెప్పడానికి మగవాడి ఒళ్లే కొలబద్ద కావడం. భార్యలు ఈ కథలో ఎదురుచూస్తారు, చిరాకుపడతారు, అనుమానిస్తారు. వాళ్లకు ఏం నొప్పి, అది ఎప్పట్నుంచి ఉంది అని సినిమా అడగదు. ఆడవాళ్ల 'ఆహ్' ఆ ఇళ్లలో మగవాళ్ల జబ్బుకు ఎంతో ముందు నుంచే ఉండి ఉంటుంది, ఎవరూ ఊరేగింపు తీయలేదంతే. దలాల్ అబ్దుల్ అజీజ్ ముఖంలో అది అక్కడక్కడా కనిపిస్తుంది. స్క్రిప్టు ఇవ్వని దాన్ని ఆమె కళ్లతో ఇచ్చింది.

ముగింపు పూర్తిగా అర్థం కావాలంటే ఇదే ముగ్గురి 1992 నాటి సినిమా పక్కన పెట్టి చూడాలి. 'అల్ ఇర్హాబ్ వల్ కబాబ్', అంటే ఉగ్రవాదం, కబాబ్. అందులో ఒక మామూలు తండ్రి తన పిల్లల బడి మార్పు కాగితం కోసం తహ్రీర్ చౌరస్తాలోని ముగమ్మా భవనం చుట్టూ తిరుగుతాడు. 1951లో పూర్తయిన ఆ 14 అంతస్తుల ప్రభుత్వ కార్యాలయంలో తిరగని ఈజిప్షియన్ లేడంటారు. తిరిగి తిరిగి, చేతిలోకి అనుకోకుండా తుపాకి వచ్చి, ఉగ్రవాది అయిపోతాడు. మీ డిమాండ్ ఏమిటని ప్రభుత్వం అడిగితే అతనికీ, బందీలకూ ఏం అడగాలో తోచదు. కబాబ్ అడుగుతారు. చివర్లో బందీలు అతన్ని తమ మధ్యలో కలిపేసుకుని బయటికి తీసుకొచ్చేస్తారు, కమాండోలు ఖాళీ భవనంలోకి దూకుతారు. చూస్తుంటే కళ్లు చెమర్చే సీను. కానీ ఆ గుంపు ఎక్కడికి పోయింది? చెదిరి, ఎవరింటికి వాళ్లు. నాలుగేళ్ల తర్వాతి గుంపు ఇళ్లలోంచి బయటికి వచ్చింది. మొదటి గుంపుకు నోట్లో కనీసం కబాబ్ అన్న మాట ఉంది, కాళ్లు ఇంటివైపు ఉన్నాయి. రెండో గుంపుకు మాట కూడా పోయింది, కాళ్లు మాత్రం సరైన దిక్కుకు తిరిగాయి. దర్శకుడూ రచయితా ఈ నాలుగేళ్లలో ఏం నేర్చుకున్నారో నాకు ఈ తేడాలో కనిపిస్తుంది.

కైరో మ్యాపు తెరిచి చూడండి. ముగమ్మా నుంచి ఖస్ర్ అల్ ఐనీ వీధిలోకి తిరిగితే పాత పార్లమెంటు భవనం కొన్ని వందల మీటర్లే. నింపాదిగా నడిచినా పది నిమిషాలు పట్టదు. వహీద్ హామిద్ రెండు కథల మధ్య దూరం అంతే.

ఆయన 2021 జనవరి 2న కన్నుమూశారు. అదే ఏడాది ముగమ్మాను హోటల్‌గా మార్చడానికని ఖాళీ చేయించారు. పార్లమెంటు కూడా ఆ వీధిలో లేదు. కైరోకు తూర్పున ఎడారిలో కట్టిన కొత్త పరిపాలనా రాజధానికి మారింది. 2024 ఏప్రిల్‌లో అధ్యక్షుడు సిసి మూడోసారి ప్రమాణం చేసింది అక్కడే. తహ్రీర్ చౌరస్తా నుంచి ఇప్పుడు ఆ నడక సుమారు 45 కిలోమీటర్లు.